జేమ్సు సిల్కు బకింగుహాము చరిత్రము

కోస్తా జిల్లాలవారికి బకింగుహాము కాలువ పేరు సుపరిచితము. ఆ పేరు చెన్నపురి గవర్నరుగా నుండిన యొక డ్యూకుగారిది. ఈ చరిత్రమునకు నాయకుడైన బకింగుహాము వేఱు. ఈయనకు బిరుదులు లేవు. వంశపారంపర్యమైన భూములు లేవు. ఈ దేశమున నిలిచియుండుటకు తూర్పు ఇండియా కుంపిణీవారి యనుమతిపత్రము తప్ప వేఱొక హక్కును లేదు. అయినను పత్రికాస్వాతంత్ర్యమునకై యీ దేశమున మొదట నష్టపడినవారిలో నీయన యొకడు. ఈయనకు తగిలిన దెబ్బ యీయనతో నాగక రామమోహనరాయలవారి పత్రికకును తగిలినది గావున, సమాజ చరిత్రము నెఱుగగోరువారు ఈయన కథను గూడ నెఱుగవలసియున్నది.

ఈయన 1786 వ సంవత్సరము ఆగస్టు నెలలో ఇంగ్లండునందలి కార్నువాలు సీమలో, ఫాల్మతు రేవు చెంతనున్న ఫ్లషింగు అను పల్లెలో జన్మించెను. చిన్నతనముననే ఓడ నెక్కి, శత్రువులకు జిక్కి, స్పెయినుదేశపు కొరున్నా పట్టణమున ఖైదులో గొంతకాలము గడపెను. బడిలో నేర్చినది స్వల్పము. సముద్రము నేర్పినది విశేషము. యౌవనమున ఓడకు నాయకుడై, 1813 లో ఐగుప్తుదేశమునకు వెళ్లి, అటనుండి 1815 లో బొంబాయి చేరెను. కాని కుంపిణీవారి యనుమతిపత్రము లేదను కారణమున అధికారులు ఆయనను వెనుకకు పంపివేసిరి. తన రాజు జెండా యెగురుచున్న నేలమీద తానే పరదేశి యగుట యెట్టిదో ఆయనకు నాడే తెలిసెను. పిమ్మట పాలస్తీను, సిరియా, మెసపొటేమియా దేశములలో సంచరించి, అనుమతిపత్రము సంపాదించుకొని మరల వచ్చి, మస్కటు ఇమాముగారి ఓడ నొకదానిని నడపుచు 1818 లో కలకత్తా చేరెను. అచ్చట బానిసల వ్యాపారముతో సంబంధించిన ప్రయాణమునకు ఉత్తరువు రాగా, ఆ లాభకరమైన యుద్యోగమును త్యజించెను. ఆయన తరువాతి నడత కంతకును ఇదియే మొదటి మెట్టని నా తలంపు.

ఆ సంవత్సరమే గవర్నరు జనరలు హేస్టింగ్సు ప్రభువు పత్రికలను ముందుగా పరీక్షించు పద్ధతిని తీసివేసి, సంపాదకులు పాటింపవలసిన నియమములను మాత్రము నిలిపెను. ఇందులకు ఔదార్య మొక్కటియే కారణము కాదు. ఇంగ్లండునుండి వచ్చిన సంపాదకుడు మాట వినకున్న, విచారణ లేకయే ఓడ నెక్కింపవచ్చును; ఈ దేశమున బుట్టిన సంపాదకుని పంపుటకు వేఱు దేశము లేదు. పరీక్షాధికారి యాజ్ఞ యొకనికి శాసనము, వేఱొకనికి వట్టి మాట యయ్యెను. ఈ భేదమును పాఠకులు మనస్సున నుంచుకొనవలెను. కథ యంతయు దీనిమీదనే తిరుగును.

1818 అక్టోబరు 2 వ తేదీన బకింగుహాము “కలకత్తా జర్నలు” అను పత్రికను ప్రారంభించెను. అది మొదట వారమునకు రెండుమారులును, పిమ్మట ప్రతిదినమును వెలువడెను. అంతకుముందు కలకత్తా పత్రికలలో విందులు, నాట్యములు, ఓడల రాకపోకలు, వేలముల ప్రకటనలు నిండియుండెను. ఈ పత్రికయందో, అధికారుల పరిపాలనమును గూర్చిన విమర్శయు, చదువరుల లేఖలును, సహగమన దురాచారమును గర్హించు వ్రాతలును ప్రకటింపబడెను. 1819 లో చెన్నపురి గవర్నరు ఇలియటుగారి పదవీకాలము పొడిగింపబడెనని విని, అది ప్రజలకు విపత్తని వ్రాసి, ప్రభుత్వమువారి మందలింపునకు పాత్రుడై విచారము తెలుపుకొనెను. తెలుగు జిల్లాలు నాడు చెన్నపురి ప్రభుత్వము క్రింద నుండెను గాన ఈ వివాదము మనకును కొంత సంబంధించినదే. తరువాత కలకత్తా బిషపుగారి విషయమునను మరల చిక్కు వచ్చెను. ఆలోచనసభవారు ఆయనను వెడలగొట్టుమని పలుమారు కోరినను హేస్టింగ్సు ప్రభువు అంగీకరింపడాయెను.

రామమోహనరాయలవారును ఈయనయు మిత్రులు. రాయలవారి వర్గమునకు జెందిన “సంవాద కౌముది” అను వంగపత్రికనుండియు, ఆయన 1822 లో స్థాపించిన “మిరాతుల్ అఖ్బారు” అను పారసీక పత్రికనుండియు భాషాంతరములు జర్నలునందు ప్రకటింపబడుచుండెను. 1821 ఆగస్టులో నేపిల్సు ప్రజలు సంపాదించుకొన్న స్వాతంత్ర్యము ఆస్ట్రియా సైన్యములచేత నణగద్రొక్కబడెనను వార్త కలకత్తాకు వచ్చెను. ఆ సాయంకాలము బకింగుహామును కలిసికొనవలసియున్న రాయలవారు, దుఃఖముచేత రాజాలనని లేఖ వ్రాసి పంపిరి. ఎన్నడును చూడని జనులకొఱకు వంగదేశీయుడొకడు శోకించుటయు, ఆ శోకమును దెలుపుటకు కార్నువాలు నావికుని నెన్నుకొనుటయు గమనింపదగినవి.

బకింగుహామునందు దోషములు లేవనరాదు. ఆయనకు ఆత్మప్రశంస మెండు. ఎత్తిపొడుపు మాట నోటికి వచ్చినప్పుడు దానిని మ్రింగుకొనజాలడు. తుదకు ఎత్తిపొడుపే ఆయనను ముంచెను. 1823 జనవరిలో హేస్టింగ్సు ప్రభువు స్వదేశమునకు బోగా, ఆదాముగారు తాత్కాలికముగా గవర్నరు జనరలయ్యెను. ఈయన పత్రికాస్వేచ్ఛకు మొదటినుండియు విరోధి. తన మట్టునకు దానిని కర్తవ్యమనియే తలచియుండెనేమో. స్కాట్లండు మతాచార్యుడు బ్రైసుగారు ప్రభుత్వమువారి కాగితములు, కలములు, లక్క మొదలగు సామగ్రి కొనుగోలు చేయు గుమాస్తాపదవియందు నియమింపబడగా, మతబోధకునికి ఈ కొలువేమని బకింగుహాము పరిహసించి వ్రాసెను. ఫిబ్రవరి 12 వ తేదీన ఆయన యనుమతిపత్రము రద్దుచేయబడెను. ఏప్రిలు నడుమకు దేశము విడువవలెనని యాజ్ఞ. నేరారోపణము లేదు, సాక్షులు లేరు, తీర్పు లేదు.

ఆయన వెడలుచు పత్రికను ఈ దేశమున బుట్టిన సంపాదకునికి అప్పగించెను. ఇతనిని ఓడ నెక్కింపజాలరని పత్రికలోనే యెత్తిచూపిరి. దానికి బదులుగా ఆదాముగారి శాసనము పుట్టెను: అనుమతిపత్రము లేక పత్రికను ప్రకటించినవారికి నాలుగువందల రూపాయల జుల్మానా, అనుమతిపత్రమును ఎప్పుడైన కారణము చెప్పకయే తీసివేయవచ్చును. పరదేశి మెడయందలి త్రాడు ఇట్లు స్వదేశీయుల మెడకును వచ్చెను. నాటి చట్టము ననుసరించి ఇట్టి శాసనము సుప్రీముకోర్టులో నమోదు కావలెను. రామమోహనరాయలవారు, ద్వారకానాథ ఠాకూరుగారు, ప్రసన్నకుమార ఠాకూరుగారు మొదలగు ఆరుగురు విన్నపము సమర్పించిరి. బారిస్టర్లు వాదించిరి. కాని పీఠమున నున్న మాక్నాటన్ న్యాయాధిపతి, దీనికి సమ్మతింతునని ప్రభుత్వమునకు ముందే మాట యిచ్చియుంటినని బాహాటముగా జెప్పెను. న్యాయవాదవృత్తిలో నున్న నేను ఈ ఘట్టమును చదివినప్పుడెల్ల పుస్తకము మూసి కొంతసేపు ఊరకుందును. వాదము వినుట యెందులకు?

ఏప్రిలు 4 వ తేదీన శాసనము నమోదయ్యెను. ఆనాడే రాయలవారు, పోలీసు కచ్చేరిలో ప్రమాణము చేసి అనుమతి నడుగుకొనుట మానవంతునకు తగదని తెలిపి, మిరాతుల్ అఖ్బారును నిలిపివేసిరి. కలకత్తా జర్నలు ఆ నవంబరులో అనుమతి కోల్పోయెను. ఇంగ్లండు రాజుగారి ఆలోచనసభకు చేసికొన్న అప్పీళ్లు 1825 లో వ్యర్థములయ్యెను.

బకింగుహాము లండనులో 1824 లో “ఓరియెంటలు హెరాల్డు” అను పత్రికను, 1828 లో “అథీనియము” అను పత్రికను స్థాపించెను. 1832 లో షెఫీల్డు పట్టణమువారు ఆయనను పార్లమెంటునకు ఎన్నుకొనిరి. అచ్చట 1834 లో మద్యపానమువలని యనర్థములను విచారించిన సభకు అధ్యక్షుడయ్యెను. మద్యపాననిషేధమునకై పాటుపడు మనవారికి ఇది ప్రియమైన విషయము. ఆయనకు జరిగిన నష్టమునకు పరిహార మీయదగునని పార్లమెంటు ఉపసంఘమొకటి అభిప్రాయపడినను సొమ్ము రాలేదు. చిరకాలమునకు కుంపిణీవారు పింఛను మాత్ర మిచ్చిరి.

1835 లో మెట్కాఫుగారు ఆదాము శాసనమును రద్దుచేసిరి. అప్పటికి రాయలవారు బ్రిస్టలులో దివంగతులై రెండేండ్లు కావచ్చెను. బకింగుహాము కలకత్తాకు మరల రాలేదు. 1855 లో స్వీయచరిత్రమును రెండు సంపుటములుగా ప్రకటించి, దానిని ముగింపకయే ఆ సంవత్సరము జూను 30 వ తేదీన లండనులో మరణించెను.