చీటీలు లేని మంచాలు

ఇంటర్ బైపీసీ అయిపోయి, నీట్ కూడా రాసేసి మా అక్క కూతురు వేసవికి మా ఇంటికొచ్చింది. ఖాళీగా కూర్చోలేను పిన్నీ, ఏదైనా ఆసుపత్రిలో సాయంగా ఉంటూ డాక్టర్లు పనిచేసే తీరు చూస్తానంది. సరేనని ఒక నర్సింగ్‌హోంకు తీసుకెళ్లాను. ముందు సీటు తెచ్చుకోమని గుమ్మంలోంచే పంపేశారు. పిల్ల మొహం చిన్నబోయింది. ఆ రాత్రి వంటిల్లు సర్దుకున్నాక దానికి ఎలిజబెత్ బ్లాక్‌వెల్ సంగతి చెప్పాను.

అమెరికాలో వైద్య పట్టా పొందిన మొదటి మహిళ అని జనరల్ నాలెడ్జి పుస్తకాల్లో ఒక్క ముక్క ఉంటుంది చూడండి, ఆవిడే. 1821లో ఇంగ్లండులోని బ్రిస్టల్‌లో పుట్టి, పదకొండేళ్లప్పుడు అమెరికా చేరింది. 1838లో తండ్రి పోతే తల్లీకూతుళ్లు బడి పెట్టి సంసారం ఈదారు. చిత్రమేమిటంటే ఆవిడకు వైద్యమంటేనే రోత. బళ్లో పాఠానికని ఎద్దు కన్ను చూపిస్తే కడుపులో తిప్పేసిందట! స్త్రీల జబ్బుతో మంచాన పడ్డ ఒక స్నేహితురాలు, ఆడడాక్టరే ఉంటే తనకింత బాధ ఉండేది కాదని, నువ్వే ఎందుకు చదవకూడదని అడిగింది. ఆ మాట ఆవిణ్ణి వదల్లేదు.

ఫీజు డబ్బు కూడబెట్టడానికి 1845లో నార్త్ కరొలినాలో పంతులమ్మగా చేరింది. బడి నడిపే ఆయన ఒకప్పటి డాక్టరు, ఆయన పుస్తకాలన్నీ చదివింది. చచ్చిన పురుగు ఒకటి దొరికితే దాన్ని హెయిర్‌పిన్‌తో నొక్కిపట్టి చిన్న చాకుతో కోసింది. అదే ఆవిడ మొదటి శస్త్రచికిత్స. ఇక్కడ మా పిల్ల నవ్వింది.

ఎన్నో కాలేజీలు కాదన్నాక 1847లో న్యూయార్క్ రాష్ట్రంలోని జెనీవా వైద్య కళాశాల చేర్చుకుంది. నిర్ణయం విద్యార్థులకు వదిలేస్తే, ఎవరో ఆటపట్టిస్తున్నారనుకుని అందరూ సరేనన్నారు. అలా సీటొచ్చింది. కానీ పాఠాలు వింటే సరిపోతుందా? రోగిని చూడాలిగా!

1848 వేసవిలో ఫిలడెల్ఫియాలో బ్లాక్‌లీ అనే బీదల ఆశ్రమం ఆసుపత్రిలో ఉండటానికి అనుమతి సంపాదించింది. సుఖవ్యాధుల స్త్రీల వార్డులో గది ఇచ్చారు. అక్కడున్న వాళ్లలో చాలామంది ఇళ్లల్లో పనికి కుదిరి యజమానుల చేతిలో మోసపోయిన పెళ్లికాని పిల్లలు. ఏ పాఠంలోనూ లేని సంగతి ఇది. పెద్ద డాక్టరు బెనెడిక్ట్ ఆదరించాడుగానీ, కుర్ర డాక్టర్లు ఆవిడ వార్డులోకి రాగానే లేచి వెళ్లిపోయేవాళ్లు. ప్రతి మంచం తలవైపు చీటీ మీద జబ్బు పేరు, ఇచ్చే మందు రాయడం రివాజు. ఆవిడ వచ్చాక రాయడం మానేశారు! అడిగితే చెప్పరు, చూద్దామంటే చీటీ లేదు. ఇక చేసేదేముంది, రోగినే చూసి, రోగినే అడిగి నేర్చుకుంది.

ఆ వేసవిలోనే కరువు తట్టుకోలేక ఓడలెక్కి వచ్చిన ఐర్లండు జనం టైఫస్ జ్వరంతో వచ్చిపడ్డారు. అది పేలవల్ల అంటుకుంటుందని అప్పటికెవరికీ తెలీదు. ఆవిడ ఆ జ్వరం మీదే పరిశోధన వ్యాసం రాసి, 1849 జనవరి 23న తరగతిలో మొదటిస్థానంతో పట్టా తీసుకుంది.

పట్టా చేతికొచ్చినా ఆసుపత్రి తలుపులు తెరుచుకోలేదు. ప్యారిస్‌లో ప్రసూతి ఆసుపత్రిలో మంత్రసాని విద్యార్థినులతో సమానంగా చేరాల్సొచ్చింది. ఆ నవంబరులో ఒక పసిబిడ్డ చీము కన్ను కడుగుతుంటే ఆ నీళ్లు చింది ఆవిడ ఎడమ కన్ను పోయింది. సర్జన్ కావాలన్న ఆశా దాంతోనే పోయింది. తర్వాత లండన్ సెయింట్ బార్తొలొమ్యూ ఆసుపత్రిలో అన్ని విభాగాలూ చూడనిచ్చారు, ఒక్క స్త్రీవ్యాధుల విభాగం తప్ప. ఏమనాలో మీరే చెప్పండి.

1851లో న్యూయార్క్ వస్తే ఆడడాక్టరుకు ఇల్లు అద్దెకిచ్చేవాళ్లు కూడా కరువే. 1853లో ఒక్క గదిలో ఉచిత వైద్యశాల పెట్టింది. 1857లో చెల్లెలు ఎమిలీ, మేరీ జక్రెవ్‌స్కాలతో కలిసి పేద స్త్రీలకూ పిల్లలకూ ఆసుపత్రి తెరిచింది. చదువుకున్న ఆడపిల్లలు వార్డుల్లో నిలబడి రోగుల్ని చూసి నేర్చుకునే చోటు ఉండాలన్నది ఆవిడ పట్టుదల. 1868లో దానికి మహిళా వైద్య కళాశాల తోడైంది. ఆవిడ 1910లో కన్నుమూసింది.

నాలుగు రోజుల తర్వాత మా పిల్ల పొద్దున్నే టిఫిన్ డబ్బా కట్టమంది. తనే వెళ్లి ప్రభుత్వాసుపత్రిలో అడిగొచ్చిందట. ఓపీ దగ్గర చదువురాని ముసలివాళ్లకు చీటీ రాయించి, గది చూపించే పనికి రమ్మన్నారట.