రంగులను విడదీసిన మనిషి



మొన్న ల్యాబులో మేడం ఫిల్టర్ పేపరు ముక్క మీద నల్ల స్కెచ్ పెన్నుతో చుక్క పెట్టించారు. చుక్క తడవకుండా, కింది అంచు మాత్రమే నీళ్ళల్లో ఉండేటట్టు నిలబెట్టినం. నీళ్ళు మెల్లగా పైకి పాకినయి. నల్లచుక్క నీలం, ఎరుపు, పసుపు అయి విడిపోయింది! దీన్ని క్రొమటోగ్రఫీ అంటారు. కనిపెట్టినాయన మిఖాయిల్ త్స్వెట్.

ఆయన 1872 మే 14న ఇటలీలోని ఆస్తి అనే ఊరిలో పుట్టారు. తల్లి ఇటలీ ఆమె, తండ్రి రష్యా ఆయన. పుట్టిన కొద్దిరోజులకే తల్లి చనిపోయింది. స్విట్జర్లాండులో పెరిగి, 1896లో జెనీవాలో డాక్టరేటు పొందారు. రష్యాకు పోతే ఆ పట్టా ఇక్కడ చెల్లదన్నారు. ఆయన మళ్ళీ చదివి, 1901లో కజాన్‌లో ఇంకో పట్టా తీసుకున్నారు.

ఇది విన్నప్పుడు నా కండ్లల్ల నీళ్ళు తిరిగినయి. నేను ఊళ్ళో ఐదు పాసయిన. అయినా కాగితం లేదని మళ్ళీ ఐదులోనే కూర్చోబెట్టారు. చాలా ఏడ్చిన.

తర్వాత త్స్వెట్ వార్సాలో పనిచేశారు. గాజు గొట్టంలో మెత్తని సుద్దపొడి కూరి, ఆకుల నుంచి తీసిన రంగును పైనుంచి పోశారు. ఆ వెనుక వట్టి ద్రావకం పోశారు. పొడిలో ఆకుపచ్చ, పసుపు పట్టీలు వేరువేరుగా వచ్చినయి. అంటే ఆకులో ఉన్నది ఒక్క రంగు కాదు. 1903లో ఈ సంగతి సభలో చెప్పి, 1906లో క్రొమటోగ్రఫీ అని పేరు పెట్టారు. గ్రీకులో రంగుల రాత అని అర్థం. రష్యాలో త్స్వెట్ అన్నా రంగే!

రంగులు ఎందుకు విడిపోతాయి? సంత నుంచి అందరం ఒక్కసారే బయలుదేరుతాం. దారిలో ఆగి ముచ్చట పెట్టేవాళ్ళు వెనకపడతారు, ఆగనివాళ్ళు ముందు పోతారు. అట్లనే పొడికి బాగా అతుక్కునే రంగు వెనక ఉంటది, ద్రావకంతో కలిసి పోయేది ముందుకు సాగుతది.

చాలామంది శాస్త్రవేత్తలు ఆయన పద్ధతిని పట్టించుకోలేదు. 1915లో యుద్ధం వల్ల వార్సా విడిచిపోయారు. 1919లో, 47 ఏండ్లకే, వొరోనెజ్‌లో చనిపోయారు. 1931లో జర్మనీలోని హైడెల్‌బర్గ్‌లో ఆ పద్ధతినే మళ్ళీ వాడి చూస్తే బాగా పనిచేసింది. తర్వాత కాగితం మీద, గాజుపలక మీది పలుచని పొరలో, వాయువుతో చేసే రకాలు వచ్చినయి. 1952లో మార్టిన్, సింజ్ అనే ఇద్దరికి ఇందులోనే నోబెల్ బహుమతి వచ్చింది. త్స్వెట్ అది చూడలేదు.

కాగితం చెల్లలేదు గాని ఆయన చదువు చెల్లింది. రెండుసార్లు చదివిన ఐదు కూడా ఊరికే పోదని నాకిప్పుడు ధైర్యం వచ్చింది. ఆదివారం మీరూ ఒక నల్లచుక్క పెట్టి చూడండి.