నీలివర్ణం చెప్పిన నిజం

నందిపేట్‌లోనైనా నిజామాబాద్‌లోనైనా జూనియర్ కళాశాల రసాయన ప్రయోగశాలలో ఫాస్ఫేటు పరీక్ష విద్యార్థులకు పరిచితమైనదే. లవణ ద్రావణానికి గాఢ నత్రికామ్లాన్ని, అమ్మోనియం మాలిబ్డేట్‌ను చేర్చి వేడిచేస్తే పసుపు అవక్షేపం ఏర్పడుతుంది. ఫాస్ఫేటు ఉన్నదని రికార్డులో వ్రాసుకొంటాము. అది ఎంత ఉన్నదన్నది మాత్రం వేరొక ప్రశ్న, మరింత కఠినమైన ప్రశ్న. బోధన్ ప్రాంతపు చెరకు రైతుకు తన నేలలో భాస్వరం ఎంత ఉన్నదో తెలియాలి. చక్కెర పరిశ్రమలో చెరకు రసాన్ని సున్నంతో తేటపరుస్తారు. రసంలోని ఫాస్ఫేటు సున్నంతో కలిసి అడుగుకు దిగుతూ మలినాలను వెంట తీసుకుపోతుంది కనుక, దాని పరిమాణం తెలియనిదే ఆ పని సవ్యంగా సాగదు. ఇటువంటి అవసరాలన్నింటికీ నేడు ఫాస్ఫేటును నీలిరంగుగా మార్చి, ఆ రంగు గాఢతను కొలిచే పద్ధతులను ఆశ్రయిస్తున్నారు. వాటిలో సుప్రసిద్ధమైన ఒక పద్ధతి ఒక తెలుగువాని పేరును మోస్తున్నది. ఆయనే యల్లాప్రగడ సుబ్బారావు.

సుబ్బారావు 1895 జనవరి 12న భీమవరంలో జన్మించారు. తల్లి వెంకమ్మ, తండ్రి జగన్నాథం. నందిపేట్ సమీపాన శ్రీరాంసాగర్ జలాశయంగా విస్తరించే గోదావరి ఎంతో దూరం ప్రవహించి చేరే రాజమహేంద్రవరంలో ఆయన బాల్య విద్య సాగింది. చదువులో ఆయన తొలినాటి నుండి ప్రతిభావంతుడని చెప్పడానికి వీలులేదు. మెట్రిక్యులేషన్ గట్టెక్కడానికి మూడు ప్రయత్నాలు చేయవలసివచ్చింది. మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలలో ఇంటర్మీడియట్ పూర్తిచేసి, మద్రాసు వైద్యకళాశాలలో చేరారు. స్వాతంత్ర్యోద్యమ ప్రభావంతో ఖద్దరు ధరించడం ఆంగ్లేయ ఆచార్యునికి కంటగింపైంది. ఎం.బి.బి.ఎస్. పట్టాకు బదులు అంతకంటె తక్కువదైన ఎల్.ఎం.ఎస్. పట్టాతో ఆయన తృప్తిపడవలసివచ్చింది.

అంతకన్న పెద్ద దెబ్బ కుటుంబంలో తగిలింది. అన్న పురుషోత్తం స్ప్రూ అనే వ్యాధితో మరణించారు. అది ఆహారంలోని పోషకాలను ప్రేగులు గ్రహించలేక, మనిషి క్రమంగా రక్తహీనుడై కృశించిపోయే ఉష్ణమండల వ్యాధి. దానికి నాడు మందు లేదు. కొద్దిరోజుల తేడాతో మరొక సోదరుడూ కన్నుమూశారు. ఉష్ణమండల వ్యాధులను అధ్యయనం చేయాలన్న సంకల్పంతో సుబ్బారావు, మామగారి సహాయంతోను, కాకినాడలోని మల్లాడి సత్యలింగం నాయకర్ ధర్మసంస్థ అందించిన ఆర్థిక సహాయంతోను 1922 అక్టోబరులో అమెరికాలోని బోస్టన్ నగరం చేరారు. భార్య శేషగిరి ఇక్కడే ఉండిపోయారు. తరువాత పుట్టిన కుమారుడు పసితనంలోనే మరణించాడు. తండ్రి ఆ బిడ్డను చూడనేలేదు.

హార్వర్డ్‌లో చదువుతూ, పొట్టపోసుకోవడానికి ఆసుపత్రిలో రోగుల మలమూత్ర పాత్రలు శుభ్రంచేసే పని కూడా ఆయన చేశారు. ఉష్ణమండల వైద్యంలో డిప్లొమా పొందిన తరువాత జీవరసాయన శాఖలో సైరస్ ఫిస్క్ వద్ద పరిశోధనకు కుదిరారు. రక్తంలోను, మూత్రంలోను ఫాస్ఫేటును కచ్చితంగా కొలిచే మార్గం కనుగొనడం అక్కడ ఆయన ముందున్న పని. వినడానికి ఇది అతి సాధారణమైన పనిగా తోస్తుంది.

ఆమ్ల ద్రావణంలో ఫాస్ఫేటు మాలిబ్డేట్‌తో కలిసి ఫాస్ఫోమాలిబ్డేట్ అవుతుంది. దానిని తగిన క్షయకరణితో క్షయకరణం చేస్తే గాఢమైన నీలిరంగు వస్తుంది. ఫాస్ఫేటు ఎంత ఎక్కువైతే నీలం అంత చిక్కన. ఈ సూత్రం అప్పటికే తెలిసినదే. కాని పూర్వపు పద్ధతులలో రంగు రావడానికి జాప్యం జరిగేది. ఇతర పదార్థాలు అడ్డుతగిలేవి. అమినోనాఫ్తాల్ సల్ఫోనిక్ ఆమ్లాన్ని క్షయకరణిగా వాడితే కొద్ది నిమిషాలలోనే రంగు నిలకడగా వస్తుందని ఫిస్క్, సుబ్బారావులు 1925లో ప్రకటించారు.

నాటి కలరిమీటరులో ఫోటోసెల్ లేదు, అంకెలు చూపే తెర లేదు. ప్రమాణ ద్రావణాన్ని ఒక గిన్నెలో, పరీక్షించవలసిన ద్రావణాన్ని వేరొక గిన్నెలో పోసి, పైనుండి కంటితో చూస్తూ రెండు అర్ధభాగాలు ఒకే ఛాయగా కనిపించేవరకు ద్రవపు లోతును మార్చేవారు. ప్రమాణ ద్రావణం 20 మిల్లీమీటర్ల లోతులో చూపిన నీలాన్ని రెండవది 10 మిల్లీమీటర్లకే చూపితే, దాని గాఢత రెట్టింపు అన్నమాట. బీర్ నియమానికి ఇంతకంటె సరళమైన ఉదాహరణ దొరకదు.

ఈ పద్ధతిని కండరాల రసానికి అన్వయించినప్పుడు ఒక చిక్కు ఎదురైంది. రక్తపు నమూనాలలో త్వరగా పూర్తయ్యే రంగు ఇక్కడ అలా పూర్తికాలేదు. మొదట తక్కువగా కనిపించి, వేచి ఉన్నకొద్దీ పెరుగుతూ పోయింది. ఏ నిమిషపు రీడింగును నమ్మాలి? ప్రయోగశాలలో ఇటువంటి సందర్భం మనకూ ఎదురవుతూనే ఉంటుంది. అప్పుడు కారకం పాతబడిందని సరిపెట్టుకొని, రావలసిన విలువనే రికార్డులో వ్రాసే ప్రలోభం ఎవరికి కలుగదు? సుబ్బారావు, ఫిస్క్‌లు ఆ ఆలస్యాన్నే ప్రశ్నించారు. ప్రమాణ ద్రావణంలో అదే కారకం సక్రమంగా పనిచేస్తున్నది కనుక లోపం కారకానిది కాదు. కండరంలో ఫాస్ఫేటు స్వేచ్ఛగా కాక మరి దేనితోనో బంధింపబడి ఉండాలి. ఆమ్ల మాలిబ్డేట్ తాకిడికి ఆ బంధం మెల్లగా విడిపోతూ ఉండాలి. పూర్వపు పరిశోధకులు కొలిచే లోపలే ఆ పదార్థం విచ్ఛిన్నమైపోవడం వల్ల అది వారి కంటపడలేదు.

వెదకగా ఆ పదార్థం క్రియాటిన్, ఫాస్ఫేటుల సంయోగంగా తేలింది. అదే ఫాస్ఫోక్రియాటిన్. 1927లో వారు దీనిని ప్రకటించారు. అదే సంవత్సరం లండన్‌లో ఎగల్టన్ దంపతులు కూడా కండరంలోని ఈ అస్థిర ఫాస్ఫేటును విడిగా గుర్తించారు. కండరం పనిచేసినప్పుడు ఈ పదార్థం తరుగుతుంది, విశ్రాంతి సమయంలో తిరిగి కూడుతుంది. కండర సంకోచానికి మూలం లాక్టిక్ ఆమ్లమేనని, 1922 నోబెల్ బహుమతి అండతో చెలామణి అవుతున్న భావనకు దీనితో పునాది కదిలింది. 1929లో ఏ.టి.పి.ని కూడా వారు కండరం నుండి వేరుచేశారు. జర్మనీలో కార్ల్ లోమన్ అదే ఏడు స్వతంత్రంగా ఆ పని చేశాడు.

ఇంత చేసినా హార్వర్డ్‌లో ఆయనకు తగిన స్థానం దొరకలేదు. ఆయన కనుగొన్న కొన్ని న్యూక్లియోటైడ్ పదార్థాలు ఫిస్క్ అసూయ వల్ల వెలుగు చూడలేదనీ, వాటిని ఇతరులు మళ్ళీ కనుగొనవలసివచ్చిందనీ సహాధ్యాయి, 1988 నోబెల్ గ్రహీత జార్జి హిచింగ్స్ తరువాతి కాలంలో చెప్పాడు. పదోన్నతి కోసం సుబ్బారావు కూడా పెద్దగా పోరాడినట్లు కనిపించదు. అది వినయమో నిర్లిప్తతయో చెప్పడం కష్టం.

1940లో ఆయన లెడర్లీ పరిశోధనశాలలో చేరి, అనతికాలంలోనే పరిశోధన విభాగానికి అధిపతి అయ్యారు. ఆ ఎనిమిదేళ్ళలో ఆయన నాయకత్వాన వచ్చిన ఔషధాలు అనేకం. బోదకాలుకు కారణమైన ఫైలేరియా క్రిములపై పనిచేసే హెట్రజాన్ వాటిలో ఒకటి. డి.ఇ.సి. పేరుతో మన ఇళ్ళకు తెచ్చి మింగించే మాత్ర అదే. టెట్రాసైక్లిన్ వర్గానికి ఆద్యమైన ఆరియోమైసిన్‌ను బెంజమిన్ డగ్గర్ కనుగొన్నది కూడా ఆ ప్రయోగశాలలోనే. అక్కడే రూపొందిన అమినోప్టెరిన్‌తో సిడ్నీ ఫార్బర్ రక్తకాన్సరు సోకిన పిల్లలకు కొంతకాలమైనా ఉపశమనం కలిగించి, ఆ ఫలితాలను 1948లో ప్రకటించాడు.

అయితే సుబ్బారావు స్వంత కథ ముడిపడినది ఫోలిక్ ఆమ్లంతో. గర్భిణుల రక్తహీనతను నయంచేసే అజ్ఞాత పదార్థమొకటి ఈస్టులో ఉన్నదని లూసీ విల్స్ బొంబాయిలో 1930 ప్రాంతంలోనే చూపించింది. ఆ పదార్థాన్ని కాలేయం నుండి శుద్ధ స్ఫటికాలుగా వేరుచేసి, 1945 నాటికి కృత్రిమంగా తయారుచేయడంలో సుబ్బారావు బృందం సఫలమైంది. ఒకనాడు అన్నను బలిగొన్న స్ప్రూ వ్యాధిలోని రక్తహీనత ఈ మందుకు లొంగింది. కాని అప్పటికి ఆయన స్వదేశం విడిచి రెండు దశాబ్దాలు దాటింది. శేషగిరి ఎదురుచూపు ఫలించలేదు. 1948 ఆగస్టులో, 53వ ఏట, న్యూయార్క్ సమీపంలోని తన నివాసంలో ఆయన నిద్రలోనే కన్నుమూశారు.

ఒక శిలీంధ్రానికి శాస్త్రజ్ఞులు సుబ్బరోమైసిస్ అని పేరుపెట్టారు. భారత ప్రభుత్వం 1995లో ఆయన శతజయంతికి తపాలా బిళ్ళ విడుదల చేసింది. కౌమారదశలోని బడిపిల్లల రక్తహీనత నివారణకు ప్రభుత్వం వారానికొకసారి ఇచ్చే మాత్రలో ఇనుముతోపాటు 500 మైక్రోగ్రాముల ఫోలిక్ ఆమ్లం ఉంటుంది. ఆ మాత్ర రంగు కూడా నీలమే.