అల్ ఖర్జ్ కాజీగారి ధారణ

తెలుగువారి ఉత్సవ సంచికలో ఒక అరబ్బు పండితుని జీవితం ఎందుకని కొందరు అడుగవచ్చు. రియాద్‌కు ఆగ్నేయంగా సుమారు 80 కిలోమీటర్ల దూరాన అల్ ఖర్జ్ ఉన్నది. నీటి ఊటలకు, ఖర్జూరపు తోటలకు, పాడి క్షేత్రాలకు పేరుపొందిన సీమ అది. మేము కొన్నేళ్ళు అక్కడ పిల్లలకు పాఠాలు చెప్పాము. షేక్ అబ్దుల్ అజీజ్ ఇబ్న్ బాజ్ గారి కథ విన్నది అక్కడే. విన్ననాటి నుంచి మా తాతగారు మాటిమాటికీ జ్ఞాపకం వస్తున్నారు.

మలయా రబ్బరు తోటకు వలస వెళ్ళిన మా తాతగారికి అక్షరం రాదు. అయినా పోతనగారి గజేంద్రమోక్షం పద్యాలు వరుసగా అప్పజెప్పేవారు. మా నాన్నగారికి అందులో సగం వచ్చేవి. మాకు ఒక్కటీ రాలేదు. యాభై దాటిన తరువాత సాయంకాలపు తరగతిలో కూర్చుని, చిన్నపిల్లలతోపాటు మళ్ళీ మొదలుపెట్టాము. పద్యాలు పుస్తకంలో దొరికాయి గాని, తాతగారి రాగం దొరకలేదు.

ఇబ్న్ బాజ్ గారు హిజ్రీ 1330లో, అనగా 1912లో, రియాద్‌లో జన్మించారు. తండ్రి చిన్నతనంలోనే పోయారు. యుక్తవయస్సు రాకముందే ఖురాన్ యావత్తూ కంఠస్థం చేశారు. ఖురాన్ అంటే 114 అధ్యాయాలు, ఆరు వేలకు పైగా వాక్యాలు. 1927 ప్రాంతంలో కంటికి జబ్బు చేసింది. 1931 నాటికి చూపు పూర్తిగా పోయింది. అప్పటికి ఆయనకు ఇంచుమించు ఇరవై ఏళ్ళు.

చదువుకునే కుర్రవానికి ఆ వయస్సులో చీకటి కమ్మితే ఏమి మిగులుతుంది? ఆయనకు లోపల చేరిన గ్రంథం మిగిలింది. ఇక మీదటి చదువంతా చెవితోనే సాగింది. ముహమ్మద్ ఇబ్న్ ఇబ్రాహీం ఆల్ అష్షేక్ అనే గురువు వద్ద సుమారు పదేళ్ళు విద్య నేర్చారు. మన వేదపాఠశాలలలో గురుముఖతః నేర్చుకున్నట్టే, వినడం, తిరిగి చెప్పడం, ఆవృత్తి చేయడం. ఇంతకు మించిన రహస్యమేదీ మాకు కనబడలేదు.

1938లో ఆయనను అల్ ఖర్జ్‌కు కాజీగా నియమించారు. దిలమ్ పట్టణంలో న్యాయస్థానం. అక్కడ దాదాపు 14 ఏళ్ళు తీర్పులు చెప్పారు, శిష్యులకు పాఠాలూ చెప్పారు. కాగితాలు ఇతరులు చదివి వినిపించవలసిందే. లెక్కల మేష్టరు కంటితో చూస్తే ఆ పని ఎంత కష్టమో తెలుస్తుంది. ఒకడు భార్యను, తల్లిని, ఒక కొడుకును విడిచి పోయాడనుకుందాం. ఖురాన్ ప్రకారం భార్యకు ఎనిమిదో వంతు, తల్లికి ఆరో వంతు, మిగిలినది కొడుక్కు. ఆస్తిని 24 భాగాలు చేస్తే వరుసగా 3, 4, 17. వారసులు పెరిగేకొద్దీ చిక్కుముడి బిగుస్తుంది. పలక లేకుండా అదంతా మనస్సులోనే! పంపకాల శాస్త్రంపై ఆయన ఒక గ్రంథమే రచించారు.

కంఠస్థం మెదడును మారుస్తుందా? 2016లో వెలువడిన ఒక పరిశోధనలో 21 మంది వేదపండితుల మెదళ్ళను స్కాన్ తీసి, మరి 21 మంది మామూలువారితో పోల్చారు. జ్ఞాపకానికి, భాషకు పనికివచ్చే కొన్ని భాగాలు పండితులలో పెద్దవిగా ఉన్నాయి. వల్లెవేయడం వల్లనే పెరిగాయని అంతమాత్రాన చెప్పలేము. ముసలితనపు మరపును ఆపుతుందన్న హామీ అసలే లేదు. ఈ మధ్య పిల్లల పేర్లు తడబడుతున్న మాకు ఆ హామీ ఉంటే బాగుండునని ఉన్నది.

ఆయన అభిప్రాయాలన్నిటితోనూ మాకు పొత్తు కుదరదు. స్త్రీలు కారు నడపరాదని 1990లో ఆయన ఫత్వా ఇచ్చారు. మాతో పనిచేసిన ఉపాధ్యాయినులు బడి వదిలాక డ్రైవరు కోసం ఎండలో నిలబడేవారు. ఆ నిషేధం 2018లో తొలగింది. ధారణ వేరు, తీర్పు వేరు.

1961లో మదీనా ఇస్లామీయ విశ్వవిద్యాలయానికి ఉపాధ్యక్షులైనారు, తరువాత అధ్యక్షులు. 1982లో కింగ్ ఫైసల్ బహుమానం, 1993లో దేశానికి ప్రధాన ముఫ్తీ పదవి లభించాయి. 1999 మే 13న తాయిఫ్‌లో కన్నుమూశారు. మక్కాలో ఖననం చేశారు.

గజేంద్రమోక్షంలో ఈ ఏడు మేము 20 పద్యాలు పట్టాము. మొన్న మా మనుమరాలు పుస్తకం పట్టుకుని అప్పజెప్పించుకున్నది. 17 నిలిచాయి.