కొలిచి తిన్న అన్నము
(జాన్ వెస్లీ భక్తుని జీవితము)

సారెపతు విధవరాలి సంగతి మనకందరకు తెలిసినదే (1 రాజులు 17). ఆమె ఇంట కొంచెము పిండి, కొంచెము నూనె తప్ప మరేమియు లేవు. అయినను, రాజునకు దూరముగా పరాయి దేశమున తలదాచుకొన వచ్చిన ఏలీయాకు ఆమె మొదట రొట్టె చేసి పెట్టెను. తానును తన కుమారుడును తరువాత తినిరి. తినగా మిగిలినది ఇచ్చుట వేరు, తినకముందే తీసిపెట్టి ఇచ్చుట వేరు. ఈ నెల మనము ధ్యానింపబోవు జాన్ వెస్లీ ఈ రెండవ మార్గమును పడుచువాడై యున్నప్పుడే నేర్చుకొని, 87 ఏండ్ల ముదిమివరకు విడువక నడచెను.

ఆయన 1703వ సంవత్సరము జూన్ నెలలో ఇంగ్లాండులోని ఎప్వర్త్ అను ఊరిలో జన్మించెను. తండ్రి శామ్యూల్ వెస్లీ ఆ ఊరి గురువు. తల్లి సుసన్నా మిక్కిలి భక్తురాలు. పిల్లలు అనేకులు, రాబడి స్వల్పము. 1705లో 30 పౌనులకైన నిండని అప్పు తీర్చలేక తండ్రి లింకన్ కోట చెరసాలలో ఉండవలసివచ్చెను. ఇంట రొట్టె బొత్తిగా లేని దినము లేదు గాని, దానిని సంపాదించుటకును దాని వెల చెల్లించుటకును పడిన చింతవలన అది నోటికి రుచింపలేదని ఆ తల్లి చెప్పుకొనెను. అప్పుచేసి కొన్న గింజలతో పొయ్యి రాజేసిన మన తల్లులకు ఈ మాట క్రొత్త కాదు.

1709 ఫిబ్రవరిలో ఒక రాత్రి వారి ఇల్లు తగులబడెను. మేడమీద చిక్కుకొనిన అయిదేండ్ల జాన్‌ను, ఒకని భుజములపై మరియొకడు ఎక్కి, కిటికీగుండ దింపిరి. 1714లో అతనిని లండనులోని బడికి పంపిరి. అక్కడ పెద్ద పిల్లలు చిన్నవారి పాలి మాంసమును లాగుకొనుచుండుటచేత అతడు చాలకాలము రొట్టెతోనే కడుపు నింపుకొనెను. కొద్దిపాటి తిండితో బ్రతుకవచ్చునని ఆయన ఆ బల్లయొద్దనే తెలిసికొనెను.

ఆక్స్‌ఫర్డులో చదివి, 1726లో అక్కడి లింకన్ కళాశాలలో ఉద్యోగము పొందెను. తమ్ముడు చార్లెసుతోను కొందరు మిత్రులతోను కలిసి ప్రార్థించుచు, ఉపవసించుచు, చెరసాలలోని ఖైదీలను దర్శించుచుండెను. ఆ దినములలో ఒక చలికాలమున, వారు చదివించుచున్న బీద పిల్లలలో ఒక ఆడుపిల్ల పలుచని బట్టతో వణకుచు ఆయన గదికి వచ్చెను. ఏదైన ఇయ్యవలెనని జేబులో చేయి పెట్టగా చేతికి వచ్చినది బహు స్వల్పము. తల ఎత్తి చూడగా గోడలపై తాను కొని తగిలించిన పటములు కనబడెను. ఆ పిల్ల ఒంటిమీద ఉండవలసిన బట్ట తన గోడలమీద వ్రేలాడుచున్నదని ఆయన మనస్సాక్షి గద్దించెను.

అటుపిమ్మట ఆయన తన అక్కరలకు ఒక కొలత పెట్టుకొనెను. ఒక సంవత్సరము 30 పౌనులు రాగా 28 పౌనులతో గడుపుకొని 2 పౌనులు బీదలకిచ్చెను. మరుసటి యేడు 60 పౌనులు వచ్చెను. ఆయన ఖర్చు మాత్రము 28 పౌనులే. 32 పౌనులు దానము చేసెను. మూడవ యేట 90 రాగా 62, నాలుగవ యేట 120 రాగా 92 ఇచ్చెను. రాబడి నాలుగంతలైనను పళ్లెము పెద్దది కాలేదు.

1735 అక్టోబరులో ఆయన అమెరికాలోని జార్జియాకు ఓడ యెక్కెను. మాంసమును ద్రాక్షారసమును మాని, వరి అన్నము, ఓడ రొట్టెలు మొదలగు శాకాహారముతోనే గడుపుటకు ఆయనయు మిత్రులును నిశ్చయించుకొనిరి. అదే ఓడలో 26 మంది మొరేవియను విశ్వాసులు ఉండిరి. వీరి సంఘమును నెలకొల్పినవారు విశ్వాసము నిమిత్తము స్వదేశమును విడిచి, జర్మనీలో జిన్‌జెన్‌డార్ఫ్ ప్రభువు భూమిలో ఆశ్రయము పొందిన కాందిశీకులు. 1736 జనవరిలో గొప్ప తుపాను లేచి అలలు ఓడను కప్పినప్పుడు ఇతరులు కేకలు వేయగా, ఆ మొరేవియనులు స్త్రీలు పిల్లలతోకూడ నెమ్మదిగా కీర్తన పాడుచుండిరి. వెస్లీయో, చావునకు భయపడెను. ఆహారమును కొలుచుకొనినవాడే గాని హృదయమందు సమాధానము లేనివాడై యుండెను.

ఇక్కడ మనము కొంత నిలిచి ఆలోచింపవలెను. ఆయన ఉపవాసములు, దానములు అంతవరకు తన ఆత్మను తానే రక్షించుకొనుటకు వేసిన నిచ్చెనవంటివి. జార్జియాలో ఆయన పని చెడెను. నిరాశతో స్వదేశమునకు మరలెను. 1738 మే 24న లండనులో ఆల్డర్స్‌గేట్ వీధిలోని ఒక చిన్న కూటమున, క్రీస్తు తన పాపములను తీసివేసెనని ఆయన హృదయమున నమ్మెను. అటుతరువాతను ఆయన మితముగానే తినెను, విరివిగానే ఇచ్చెను. కాని కారణము మారెను. మునుపు రక్షణ పొందుటకు మానుకొనెను. ఇప్పుడు రక్షింపబడినవాడై పొరుగువాని కొరకు మానుకొనెను. ఈ భేదము తెలియనియెడల మన ఉపవాసమంతయు కడుపు మాడ్చుకొనుటయే.

1746లో ఆయన తేనీరు మానెను, మానుమని లండను సంఘస్థులను కోరెను. మిగిలిన కాసులు బీదలకు పోవలెనని ఆయన తలంపు. ఆ యేడే చిన్న అప్పులిచ్చు నిధి నొకటి స్థాపించెను. స్నేహితులయొద్ద చందా లడుగగా సుమారు 30 పౌనులు మాత్రమే పోగాయెను. తరువాత కొందరు దానిని 50కి పెంచిరి. ఆ స్వల్పపు సొమ్ముతో ఒక సంవత్సరములో 250 మందికి పైగా సహాయము పొందిరి. 1748 నాటికి ఆయన ఆశ్రయగృహమున తొమ్మండుగురు విధవరాండ్రు, ఒక గ్రుడ్డి స్త్రీ, ఇద్దరు దిక్కులేని పిల్లలు ఉండిరి. ఊరిలోనున్నప్పుడు ఆయనయు తోటి బోధకులును వారితోకూడ అదే బల్లయొద్ద అదే అన్నము తినుచుండిరి. గురువుకొక వంట, బీదకొక వంట అక్కడ లేదు.

1759లో ఇంగ్లాండునకు ఫ్రాన్సుతో యుద్ధము జరుగుచుండెను. ఫ్రెంచివారు దండెత్తి వత్తురేమోయని దేశమంతయు భయపడుచున్న కాలమది. అక్టోబరు 15న వెస్లీ బ్రిస్టలు దగ్గరి నోల్ అను చోటికి నడచివెళ్లి, అక్కడ నిర్బంధింపబడిన ఫ్రెంచి ఖైదీలను చూచెను. ఇరుకు స్థలములో సుమారు 1100 మంది ఉన్నారని చెప్పిరి. పడుకొనుటకు మురికిగడ్డి, కప్పుకొనుటకు చింకిగుడ్డలు తప్ప వారికేమియు లేవు. తెగులుపట్టిన గొఱ్ఱెలవలె చచ్చుచుండిరి. ఆ సాయంకాలమే ఆయన బ్రిస్టలులో నిర్గమకాండము 23వ అధ్యాయము 9వ వచనముపై ప్రసంగించెను. ఒకప్పుడు పరదేశులై యుండినవారు పరదేశిని బాధింపరాదనునదే దాని భావము. శత్రువులకొరకు ఆ కూటమున అప్పటికప్పుడు 18 పౌనులు పోగయ్యెను, మరునాటికి 24 ఆయెను. ఆ సొమ్ముతో నారబట్టలు, ఉన్నిబట్టలు కొని చొక్కాలు, లాగులు కుట్టించి అక్కర మిక్కుటముగా ఉన్నవారికి పంచిరి. అది చూచి నగరసభవారు పరుపులును కంబళ్లును పంపిరి. లండనులోను ఇతర స్థలములలోను చందాలు మొదలాయెను. 24 పౌనులు గొప్ప మొత్తము కాదు. కాని అది తలుపు తెరచెను.

1776లో పన్ను అధికారులు వెస్లీకి వెండిపాత్రలుండునని తలంచి లెక్క అడిగిరి. లండనులో రెండు, బ్రిస్టలులో రెండు వెండి చెంచాలు మాత్రమే తనకున్నవనియు, చుట్టు అనేకులకు రొట్టె లేకయుండగా ఇంకేమియు కొననని ఆయన జవాబు వ్రాసెను. 1785 జనవరిలో, 81 ఏండ్ల వృద్ధుడై యుండి, మడమలవరకు కరగుచున్న మంచులో లండను వీధులు తిరిగి, బీదల బట్టలకొరకు 200 పౌనులు యాచించి తెచ్చెను. ఆ యేడే లండనులో దిక్కులేని పరాయివారికి సహాయము చేయుటకు మెథడిస్టులు స్థాపించిన పరదేశుల మిత్రసంఘమును ఆయన ప్రోత్సహించెను. 1791 మార్చి 2న ప్రభువునందు నిద్రించెను. పాడెబండి వద్దనియు, ఆరుగురు బీదవారు తన శవమును మోయవలెననియు, ఒక్కొక్కరికి 20 షిల్లింగు లియ్యవలెననియు ముందే మరణశాసనమున వ్రాసియుంచెను.

ఆయనకు ముదిమిలో ఒక దుఃఖముండెను. తన జనులు కష్టపడి సంపాదించుటయు, దుబారా లేక కూడబెట్టుటయు నేర్చుకొనిరి. ఇచ్చుట మాత్రము మరచుచుండిరి. ఆ దుఃఖము మనలను గూర్చినది కాదని చెప్పగలమా?

ఆయన మార్గమున నడచిన వెస్లియను మిషనరీలు మన తెలుగునేలకును వచ్చిరి. పాస్నెట్ దొరగారు కరవుకాలమున ఆకలిగొన్నవారికి పని కల్పించి, అన్నము పెట్టి కట్టించిన మెదకు దేవాలయము 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠింపబడెను. వండకముందే పిడికెడు బియ్యము తీసి ప్రభువునకు దాచుట మన స్త్రీలకు తెలిసిన కానుకయే. ఎసటిలో పోయకముందు తీసినదే కానుక. అయితే సహోదరులారా, ఒక్క మాట. అందరికంటె కడపట తిను తల్లి పాలినుండియే ఆ పిడికెడు తరగరాదు. ఇంటి యజమానుడు ముందు తన చుట్టను, తన తేనీటిని కొలుచుకొనవలెను. పసిపిల్లల గంజినుండియు, రోగి పథ్యమునుండియు, కాయకష్టము చేయువాని అవసరమైన ముద్దనుండియు దేవుడు కానుక కోరడు.

నేడును యుద్ధములవలన, వరదలవలన ఇల్లు విడిచిన జనులు లోకమందంతట ఉన్నారు. మనకు వారి పేరులు తెలియవు. సారెపతు విధవరాలికిని ఏలీయా ఎవరో తెలియదు.

ధ్యానించుటకు: 1 రాజులు 17:8–16, యెషయా 58:6–8, మత్తయి 25:34–40, 2 కొరింథీయులకు 8:1–5.

ప్రార్థన: ప్రభువా, మా అక్కర ఎంతో, మా ఆశ ఎంతో వేరుచేసి చూపుము. మా పళ్లెములో పరదేశికి పాలు ఉంచుటకు మాకు సంతోషమిమ్ము. ఆమేన్.