డాబాగార్డెన్స్ నుంచి చుక్కల దాకా

ప్లేస్‌మెంట్ల టెన్షన్‌లో ఉన్నప్పుడల్లా నాకు మన వైజాగ్ అంకితం వెంకట నర్సింగరావు గారే గుర్తొస్తారు. 1827లో పుట్టారు. ఆయన మామగారు గోడే వెంకట జగ్గారావు గారు 1840లో ఇక్కడ సొంతంగా అబ్జర్వేటరీ పెట్టారు. 1856లో మామగారు పోయాక, ఈయన డిప్యూటీ కలెక్టర్ ఉద్యోగం వదిలేసి ఆ టెలిస్కోపు బాధ్యత తీసుకున్నారు. 1874 డిసెంబర్ 9న శుక్రుడు సూర్యబింబాన్ని దాటడం ఇక్కడి నుంచే గమనించి నమోదు చేశారు. 1892లో కన్నుమూశారు.

1976 జూలై 20న వైకింగ్-1 అంగారకుడి మీద దిగింది. అక్కడి మట్టిలో పోషక ద్రవం పోస్తే వాయువు వచ్చింది, కానీ సేంద్రియ పదార్థం దొరకలేదు. జీవం ఉందా లేదా అన్నది ఇప్పటికీ తేలలేదు.

జవాబు దొరక్కపోయినా చూస్తూ ఉండటమే ఆయన పని. మరి ఆఫర్ లెటర్ వస్తే నేనేం చేస్తానో!