పెద్దబిడ్డ జబ్బుకు పేరు పెట్టిన డాక్టరమ్మ

క్వాషియార్కర్. హోమ్‌సైన్సు చదివినవాళ్లకీ, నర్సింగు చదివినవాళ్లకీ ఈ మాట పరిచయమే. ప్రొటీన్లు చాలక పిల్లలకు వచ్చే జబ్బు అని ఒక్క వాక్యం బట్టీపట్టి, పక్కనే మరాస్మస్ గురించి ఇంకో వాక్యం రాసి, రెండు మార్కులు తెచ్చుకుని ఊరుకుంటాం. ఆ మాట ఏ భాషదో, అర్థమేమిటో నాకు మాత్రం పిల్లలు పుట్టి, వాళ్లకు అన్నం అలవాటు చేసే రోజుల్లోగానీ తెలియలేదు.

ఆఫ్రికాలో ఇప్పటి ఘనా రాజధాని అక్రా చుట్టుపక్కల మాట్లాడే ‘గా’ అనే భాషలోది ఆ మాట. తర్వాతి బిడ్డ పుట్టినప్పుడు పెద్దబిడ్డకు వచ్చే జబ్బు అని దాని అర్థం. అందులో ప్రొటీన్ల ఊసే లేదు. ఉన్నదల్లా ఒక ఇంటి సంగతి. తల్లి మళ్లీ నెల తప్పింది, ఒళ్లోని బిడ్డ కిందికి దిగాడు, పాలు మాన్పించారు. మరి ఆ పాల బదులు ఏం పెట్టారు? ఈ ప్రశ్న పట్టుకుని జీవితమంతా తిరిగిన డాక్టరమ్మ సిసిలీ విలియమ్స్. క్వాషియార్కర్ అనే మాటను వైద్యుల పుస్తకాల్లోకి ఎక్కించింది ఆవిడే.

సిసిలీ 1893 డిసెంబరులో జమైకా దీవిలో పుట్టారు. తరతరాలుగా అక్కడ తోటలున్న ఇంగ్లీషు కుటుంబం. ఆమెకు తొమ్మిదేళ్లప్పుడు తండ్రి, ఈ పిల్లకు మొగుడు దొరకడం కష్టం, లేడీ డాక్టరు కావడమే మేలు అన్నాడట. తండ్రులు ఎక్కడైనా తండ్రులే మరి! పదమూడో ఏట చదువుకు ఇంగ్లండు పంపారు. పంతొమ్మిదేళ్లకు ఆక్స్‌ఫర్డ్‌లో సీటు వచ్చినా, జమైకాలో భూకంపం, తుఫాన్లు ఇంటిని కుంగదీయడంతో అమ్మానాన్నలకు సాయంగా వెనక్కి వచ్చేశారు. తండ్రి పోయాక, 23 ఏళ్ల వయసులో మళ్లీ ఆక్స్‌ఫర్డ్ వెళ్లారు. అవి మొదటి ప్రపంచయుద్ధం రోజులు. మగపిల్లలు యుద్ధానికి పోవడంతో వైద్యం క్లాసుల్లోకి ఆడపిల్లల్ని రానిచ్చారు. తీరా 1923లో ఈవిడ డాక్టరయ్యేసరికి యుద్ధం ముగిసింది, మగ డాక్టర్లు తిరిగొచ్చేశారు. ఆడ డాక్టరుకు ఉద్యోగం దొరకడం గగనమైంది.

ఎట్టకేలకు లండన్‌లో హాక్నీ అనే పేదల పేటలో ఉన్న పిల్లల ఆసుపత్రిలో పని దొరికింది. బిడ్డ రోగం తెలుసుకోవాలంటే ముందు ఆ బిడ్డ ఇల్లు ఎలాంటిదో తెలుసుకోవాలన్న నమ్మకం ఆవిడకు అక్కడే కలిగింది. ఆ తర్వాత బ్రిటిష్ వలస దేశాల్లో ఉద్యోగానికి దరఖాస్తు పెట్టుకుని రెండేళ్లు ఎదురుచూశారు. 1929లో గోల్డ్‌కోస్ట్‌కు వేశారు. ఇప్పటి ఘనాకు అప్పటి పేరు అది. ఆడ డాక్టరు గనుక జీతం మగవాళ్లకన్నా తక్కువ.

అక్రాలోని పిల్లల ఆసుపత్రికి రోజూ జనం తిరునాళ్లలా వచ్చేవారు. సిసిలీ ఊరికే మందు సీసాలు నింపి పంపించే రకం కాదు. ప్రతి బిడ్డకూ ఒక కార్డు పెట్టి, వచ్చినప్పుడల్లా అందులో రాయించారు. నర్సులకు తర్ఫీదు ఇచ్చి ఇళ్లకు పంపారు. జబ్బు చేసిన పిల్లల్నే కాదు, బాగున్న పిల్లల్నీ తీసుకురమ్మన్నారు. ఇవాళ మన అంగన్‌వాడీల్లో బిడ్డను తూచి కార్డులో రాస్తున్నప్పుడల్లా నాకు ఆవిడే గుర్తొస్తారు.

అలా చూస్తుంటే ఒక రకం పిల్లలు మళ్లీ మళ్లీ కనిపించారు. ఏడాది నుంచి నాలుగేళ్లలోపు వాళ్లు. పాదాలు, చేతులు నీరుపట్టి ఉబ్బి ఉంటాయి. చూసినవాళ్లు బిడ్డ బొద్దుగా ఉందనుకునే ప్రమాదమూ ఉంది! జుట్టు రంగు మారి పలచబడుతుంది. చర్మం పొరలుగా ఊడుతుంది. నవ్వరు, ఆడరు, ముట్టుకుంటే విసుక్కుంటారు. విరేచనాలు. ఎందరో ప్రాణాలు దక్కించుకోలేకపోయేవారు. అక్కడి దొర డాక్టర్లు ఇది పెల్లాగ్రా అని తేల్చేశారు. సిసిలీకి నమ్మకం కుదరలేదు. చనిపోయిన పిల్లల శవాలను తానే స్వయంగా కోసి పరీక్షించారు. యాంటీబయాటిక్స్ లేని కాలం. ఒకసారి అలా కోస్తుండగా చేతికి గాయమై, విషం ఒంట్లోకి పాకి చావు తప్పి బయటపడ్డారు.

పుస్తకాల్లో దొరకని జవాబు కోసం ఆవిడ అక్కడి ఆడవాళ్లనే అడిగారు. ఈ జబ్బును మీరేమంటారు అని. వాళ్లు చెప్పిన పేరే క్వాషియార్కర్. దొర డాక్టర్లకు అంతుపట్టని సంగతి ఆ తల్లుల నోట్లో ఒక్క మాటగా ఎప్పటినుంచో ఉంది. నాకు ఆవిడ జీవితంలో అన్నిటికన్నా నచ్చింది ఇదే.

పాలు మాన్పించాక ఆ పిల్లలకు పెట్టేదంతా మొక్కజొన్నే. నానబెట్టి, పులియబెట్టి, రుబ్బి, పలచగా కాచిన జావ. కాస్త పెద్దయితే అదే పిండితో చేసి ఉడికించిన ముద్ద. పొట్ట నిండుతుంది, బిడ్డ ఏడుపు ఆపుతుంది. కానీ ఒళ్లు కట్టే సరుకు అందులో తక్కువ. ఇది కేవలం మొక్కజొన్న తిండితో ముడిపడిన జబ్బని, ప్రొటీన్ల లోపం కారణం కావచ్చని 1933లో ఒక వైద్య పత్రికలో రాశారు. పెద్ద డాక్టర్లు కొట్టిపారేశారు. 1935లో లాన్సెట్ పత్రికలో మళ్లీ రాశారు, ఈసారి క్వాషియార్కర్ అన్న పేరుతోనే. ఇంతా చేస్తే పైఅధికారులతో పడక, మరుసటి ఏడాదే ఆవిడకు మలయా బదిలీ!

ఇప్పటి డాక్టర్లు ప్రొటీన్ లోపం ఒక్కటే కారణమని అనడం లేదు. అంటురోగాలు, పేగుల్లోని సూక్ష్మజీవులు, ఇతర పోషకాల లోపం కూడా కలిసి చేసే పని అంటున్నారు. అయినా పలచటి జావ ఒక్కటే పోస్తే బిడ్డ నిలవదన్న మాట మారలేదు.

మనకు మొక్కజొన్న జావ లేదు కదా అనుకోకండి. మన ఇళ్లలో ఆ స్థానం పప్పుకట్టుది. ఉడికిన పప్పు మీది తేటలో సారమంతా ఉందని, అదీ అన్నం గంజీ కలిపి పోస్తే చాలని నమ్మే అమ్మమ్మలు ఇప్పటికీ ఉన్నారు. సారం పప్పులో ఉంటుంది, తేటలో నీళ్లే ఎక్కువ. బిడ్డ పొట్ట ఎంత? తన గుప్పెడంత. ఆ కాస్త చోటునూ నీళ్లతో నింపేస్తే ఇంకేం మిగులుతుంది?

విడిగా వండక్కర్లేదు కూడా. ఆరు నెలలు నిండిన బిడ్డకు ఇంట్లో పొయ్యి మీదున్నదే సరిపోతుంది. పప్పు మెత్తగా ఉడికాక ఉప్పు, కారం, చింతపండు పడకముందే రెండు గరిటెలు పక్కకు తీసుకుంటే సరి. ఆ పప్పులోనే పాలకూరో, క్యారెట్టో, గుమ్మడిముక్కో ఉడికిపోతుంది. మెత్తటి అన్నంలో పప్పు మెదిపి, చిన్న చెంచా నెయ్యి వేసి, వేళ్లతో గుజ్జు చేస్తే అయిపోయె. మిక్సీలో నీళ్లలా తిప్పకండి. చెంచా వంచితే జారిపోకుండా నిలబడేంత చిక్కగా ఉండాలి. మొదట రెండు మూడు చెంచాలు, రోజుకు రెండు మూడుసార్లు. తొమ్మిదో నెల వచ్చేసరికి అరకప్పు చొప్పున మూడు నాలుగుసార్లు, పలుకులు కాస్త తగిలేలా. ఏడాది నిండాక మన కంచంలోదే, కారం తగ్గించి. గుడ్డు తినే ఇళ్లలో బాగా ఉడికిన గుడ్డు, చేపలు తినేచోట ముళ్లు ఏరిన చేప మానొద్దు. ఆరు నెలలు దాటాక బిడ్డ ఒంట్లో ఇనుము నిల్వలు తగ్గిపోతాయి, పాలొక్కటే దాన్ని భర్తీ చేయలేవు. ఏడాదిలోపు తేనె మాత్రం నాకించకండి, అది ప్రమాదం. వేరుశనగపప్పు పొడిగా తప్ప గింజగా పెట్టకూడదు, గొంతుకు అడ్డం పడుతుంది.

నిజానికి మన పాతకాలపు ఉగ్గు ఎంత మంచి వంట! బియ్యం, పెసరపప్పు, కాసింత జీలకర్ర దోరగా వేయించి, రవ్వలా విసిరి, ఉడకబెట్టేవారు. ధాన్యం, పప్పు ఒకదాని లోటు ఇంకొకటి తీరుస్తాయి. అక్రా జావలో లేనిది ఇదే. వెనకబడిందల్లా మన ఓపిక. అన్నప్రాశన నాడు పెన్నూ, పుస్తకం, బంగారం పెట్టి ఏది పట్టుకుంటాడా అని ఫొటోలు తీస్తాం. మర్నాటి నుంచి పలచటి జావే పోస్తాం.

సిసిలీ మొదలుపెట్టిన ప్రశ్నకు మన హైదరాబాదులోనూ జవాబు వెతికారు. తార్నాక దగ్గరి జాతీయ పోషకాహార సంస్థ 1958లో కూనూరు నుంచి ఇక్కడికి తరలివచ్చింది. డాక్టర్ సి. గోపాలన్, ఆయన బృందం మన పిల్లల్ని పరిశీలించి, ధాన్యం, పప్పులతో కడుపునిండా తింటే ప్రొటీన్ దానంతటదే సమకూరుతుందని, ఖరీదైన డబ్బాలు అక్కర్లేదని చూపించారు. ఆ సంస్థే రూపొందించిన హైదరాబాద్ మిక్స్ చిక్కిపోయిన పిల్లల కోసం. వేయించిన గోధుమలు 40 గ్రాములు, వేయించిన శనగపప్పు 16, వేరుశనగపప్పు 10, బెల్లం 20. అంతే. దాదాపు 330 కాలరీలు, 11 గ్రాముల ప్రొటీన్ వస్తాయి. కిరాణా కొట్టులో దొరకనిది ఇందులో ఒక్కటైనా ఉందా!

మళ్లీ మలయా సంగతికొద్దాం. అక్కడ సిసిలీకి ఇంకో రకం దృశ్యం ఎదురైంది. కంపెనీలవాళ్లు ఆడవాళ్లకు నర్సుల్లాంటి తెల్లబట్టలు తొడిగి బాలింతల దగ్గరకు పంపేవారు. తల్లిపాలకన్నా డబ్బాల్లోని తియ్యటి చిక్కటిపాలు మేలని నమ్మించేవారు. ఆ పాలు పట్టిన పిల్లలు విటమిన్లు చాలక చూపు పోగొట్టుకునేవారు, ఎముకలు వంకర తిరిగేవి. 1939లో సింగపూర్ రోటరీ క్లబ్బు వాళ్లు మాట్లాడమని పిలిస్తే, ఆ పెద్దమనుషుల ముందే ఆవిడ తన ప్రసంగానికి పాలు, హత్య అని పేరు పెట్టారు. తప్పుడు ప్రచారంతో పసివాళ్లు చనిపోతే దాన్ని హత్యగానే లెక్కగట్టాలని ముఖం మీదే చెప్పారు.

1941 చివర్లో జపాను సైన్యం వచ్చిపడింది. సింగపూర్ లొంగిపోయాక మూడున్నరేళ్లు చాంగీ జైలు నిర్బంధం. కొన్నాళ్లు ఆడవాళ్ల శిబిరానికి నాయకురాలిగా ఉన్నారు. జపాను మిలిటరీ పోలీసులు పట్టుకుపోయి నెలల తరబడి ఇరుకు బోనులో, చచ్చిపోతున్న మనుషుల మధ్య ఉంచారు. విరేచనాలు, బెరిబెరి. పాదాల్లో స్పర్శ జీవితాంతం సరిగ్గా తిరిగి రాలేదు. తిండే కరువైన ఆ శిబిరంలో ఇరవై మంది పిల్లలు పుట్టారు. ఇరవై మందీ తల్లిపాలే తాగారు. ఇరవై మందీ బతికారు. ఆవిడ ఆ తర్వాత ఎక్కడ మాట్లాడినా ఈ లెక్క చెప్పేవారు.

1948లో ప్రపంచ ఆరోగ్య సంస్థలో తల్లీబిడ్డల విభాగానికి మొట్టమొదటి అధిపతి అయ్యారు. ఆఫీసు కుర్చీ ఆవిడకు సరిపడింది కాదు. కొన్నాళ్లకే మళ్లీ ఊళ్లు పట్టారు. జమైకాలో పిల్లల్ని చంపుతున్న వాంతుల జబ్బుపై పరిశోధన, 1959 నుంచి అయిదేళ్లు బేరూట్‌లో పాఠాలు, ఆ తర్వాత కూడా దేశదేశాల తిరుగుళ్లు. పెళ్లి చేసుకోలేదు. తొంభైలోకి వచ్చినా నోటి పదును తగ్గలేదంటారు.

డబ్బాపాల ప్రచారాన్ని కట్టడి చేసే అంతర్జాతీయ నియమావళిని ప్రపంచ ఆరోగ్య సంస్థ 1981లో ఆమోదించింది. సింగపూర్ ప్రసంగానికి 42 ఏళ్ల తర్వాత. అప్పటికి సిసిలీ 87 ఏళ్ల మనిషి. 1992 జూలై 13న ఆక్స్‌ఫర్డ్‌లో కన్నుమూశారు, 98 ఏళ్లకు. అదే ఏడాది చివర్లో మన దేశంలో శిశువుల పాలపొడి, పాలసీసా, శిశు ఆహారాల ప్రచారంపై చట్టం వచ్చింది, 1993 ఆగస్టు నుంచి అమలైంది. 2003లో దాన్ని ఇంకా బిగించారు. ఇంతకుముందు ఆ డబ్బాల మీద బొద్దుగా నవ్వే పాపాయి బొమ్మ ఉండేది, మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. ఇప్పుడు ఏ మందుల షాపులో చూసినా పసిపిల్లల పాలడబ్బా మీద ఆ పాపాయి ఉండకూడదు.